ఆకు బొమ్మ కార్డు

తలుపు పిడికి వేలాడే అట్టముక్క.
మీద ఒక పచ్చటి ఆకు, కింద రెండు ముక్కలు:
ఇవాళ గది శుభ్రం చేయించుకోకుంటే
మా బార్‌లో ఐదు డాలర్ల కూపన్,
పైగా సముద్రం మీకు రుణపడి ఉంటుంది.

సముద్రం సంగతి నాకు తెలీదు.
పదకొండో అంతస్తు కిటికీల్లోంచి
రోజుకు పద్నాలుగుసార్లు చూస్తాను దాన్ని,
ప్రతిసారీ అద్దం తుడిచేంతసేపు.
వైకీకీలో పంతొమ్మిదేళ్ళు.
ఎవరికీ రుణపడ్డట్టు ఎప్పుడూ కనిపించలేదు.

నా పేరు హెర్మీనియా.
బ్యాడ్జి మీద పట్టక మీనా అని రాశారు.
పొద్దున్న ఆరున్నరకి నేలమాళిగలో
మిసెస్ ఓషిరో చీటీలు పంచుతుంది.
ఇప్పుడు సగం గదుల పక్కన చిన్న ఆకు గుర్తు.
ఆకులు ఎక్కువైన రోజు
కొత్తగా చేరినవాళ్ళ పేర్లు చదవదు,
కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంది.
మొన్న అలా చదవని పేరు కియోరీనాది.
రెండు బస్సులు మారి వచ్చిన పిల్ల
యూనిఫాం బొత్తాలన్నీ పెట్టుకుని మరీ నిలబడింది.
మళ్ళీ అవే రెండు బస్సులు.
అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు
దాని పూట కూలి
ఎవరి గ్లాసులోనో నిమ్మచెక్క పక్కన తేలుతుంటుంది.

1127లో దిగినవాళ్ళు మంచివాళ్ళే. సస్కటూన్ వాళ్ళు.
"మా కోసం మీరు కష్టపడొద్దు" అందావిడ
లిఫ్టు దగ్గర నా చెయ్యి పట్టుకుని.
ఏడు రోజులు కష్టపడనివ్వలేదు.
ఎనిమిదో రోజు తలుపు తీశాను.
స్నానాల తొట్టిలో సగం బీచి.
పరుపు సందులో బొప్పాయి గింజలు,
అద్దం మీద పొలుసు కట్టిన సబ్బు,
ఒకదాని మీద ఒకటి మగ్గిన తువ్వాళ్ళు.
ఏడు రోజుల మురికికి
గడియారం ఇచ్చింది ముప్పై నిమిషాలే.
బల్ల మీద గుండ్రటి అక్షరాల చీటీ:
థాంక్యూ మీనా, నిన్ను ఇబ్బంది పెట్టలేదనుకుంటాం.
దాని కింద టిప్పుగా, వాడని కూపన్ ఒకటి.
గడువు నిన్నటితో అయిపోయింది.

అక్టోబర్లో మా చెల్లెలి కొడుకు పెళ్ళికి లాస్ వేగస్ వెళ్ళాం.
బుద్ధెరిగాక హోటల్ మంచం మీద
నడుం వాల్చడం అదే మొదటిసారి.
తలుపు పిడికి అదే ఆకు.
ఇక్కడ సముద్రం లేదు కాబట్టి
ఎడారి రుణపడి ఉంటుందట.
"పది డాలర్లు! మన దగ్గరకంటే రెట్టింపు!"
రూఫో కళ్ళు మెరిశాయి.
బఫేలో ఎంత కలిసొస్తుందో లెక్క కూడా వేశాడు.
ఆయన స్నానానికి వెళ్ళగానే
కార్డు తీసి సూట్‌కేసు అడుగున దాచేశాను.

అంతా చేసి, తెల్లారేసరికి
నా చేతులు నా మాట వినలేదు.
దుప్పటి మూలలు వాటంతటవే మడిచేశాయి,
సింకు తుడిచాయి, చెత్తబుట్టకి ముడేశాయి.
తొమ్మిదిన్నరకి తలుపు తట్టిందొకావిడ.
బ్యాడ్జి మీద అబెబెచ్.
పేరు మొత్తం పట్టింది.
మంచం వైపు చూసింది.
తర్వాత నా వేళ్ళ సందుల్లో పగుళ్ళు చూసింది.
ఏమీ అనలేదు.
చీటీలో గది కొట్టేస్తుందేమోనని
గబగబా వెళ్ళి దుప్పటి లాగేశాను,
దిండ్లు కింద పడేశాను,
పొడి తువ్వాలొకటి నీళ్ళలో ముంచి
నేల మీదికి విసిరాను.
రూఫో నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

అబెబెచ్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది.
బండిని గుమ్మానికి అడ్డంగా ఆపి
"ఇక నువ్వా కుర్చీలో కూర్చో" అంది.

కూర్చున్నాను.
ఒకరు పక్క వేస్తుంటే
చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తుండటం
గదులు తుడవడం కన్నా కష్టమంటే
రూఫో ఈ రోజుకీ నమ్మడు.
ఆ పది డాలర్ల మాట ఇంకా ఎత్తుతూనే ఉంటాడు.

ఒప్పుకోవాలి,
మూల మడత నాకన్నా బాగా వేసింది.